వెళ్లడమే కాదు, తగ్గడమూ పిలుపే



ఈ మధ్య కాలంలో మన సంఘాల్లో ఒక మంచి మార్పు చూస్తున్నాం. ఒకప్పుడు మిషనరీ అనగానే సముద్రం దాటి మన దగ్గరకు వచ్చిన దొరగారే కళ్లముందు నిలిచేవారు. ఇప్పుడు మన ఊళ్ల నుండే పాస్టర్లు, యవనస్థులు, నర్సులు, ఉపాధ్యాయులు నేపాల్‌కూ ఆఫ్రికా దేశాలకూ పరిచర్య నిమిత్తం బయలుదేరుతున్నారు. గల్ఫ్‌కు పని కోసం వెళ్లిన మన సహోదర సహోదరీలు అక్కడ ప్రార్థన కూటాలు నడుపుకుంటూ, పక్క మంచం మీద పడుకునే పరదేశికి తమ జీవితంతోనే సాక్ష్యమిస్తున్నారు. పుచ్చుకున్న సంఘం ఇచ్చే సంఘంగా ఎదగడం ప్రభువు కృప. అందుకు ఆయనకే స్తోత్రం.

అయితే ఈ సంతోషంతో పాటు ఒక భయం కూడా మమ్మల్ని వెంటాడుతోంది. పంపించే కూటంలో పూలదండలు, శాలువాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు. విమానాశ్రయంలో ఫొటోలు. పది రోజుల తరువాత తిరిగి వచ్చేసరికి పేరుకు ముందు 'అంతర్జాతీయ' అనే మాట. వారం తిరగకముందే యూట్యూబ్‌లో వీడియో. అందులో నల్లని పిల్లల మధ్య తెల్లని చొక్కాతో మన దైవజనుడు. పాస్‌పోర్టు మీద ఒక ముద్ర పడినంత మాత్రాన మనిషి పెద్దవాడైపోతాడా? పరదేశంలో పరిచర్య చేయాలంటే ముందుగా ఏది కావాలి: ధైర్యమా, డబ్బా, దీనత్వమా? ఈ వారం ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాం.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి

ఇతరులను అడిగే ముందు మమ్మల్ని మేమే అడగడం న్యాయం. కొన్నేళ్ల క్రితం మేమూ కొందరు సహోదరులతో కలిసి తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశానికి పది రోజుల పరిచర్యకు వెళ్లాం. ఒక పల్లెలో మూడు రాత్రులు కూటాలు జరిగాయి. చివరి రాత్రి ఆహ్వానమిచ్చినప్పుడు చేతులెత్తినవారిని లెక్కపెట్టుకున్నాం. తిరిగి వచ్చాక ఆ లెక్కను ఇదే పత్రికలో పెద్ద అక్షరాలతో వేశాం. చిరిగిన గౌనుతో నిలబడిన ఒక చిన్నారి ఫొటో వేసి, దిక్కులేని బిడ్డ అని కింద రాశాం.

రెండు నెలల తరువాత అక్కడి కాపరి దగ్గర నుండి ఒక మెయిల్ వచ్చింది. అందులో కోపం లేదు. చేతులెత్తినవారిలో ఎక్కువమంది ఏళ్ల తరబడి తన సంఘంలో ఉన్న విశ్వాసులేననీ, దూరం నుండి వచ్చిన అతిథులు చిన్నబుచ్చుకోకూడదని చేతులెత్తారనీ ఆయన మెల్లగా తెలియజేశారు. ఆ చిన్నారి దిక్కులేనిది కాదు, ఆయన అన్న కూతురే. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. ఆ రోజు పొలం నుండి నేరుగా వచ్చింది గనుక గౌను అలా ఉంది. మరో సంగతి ఆయన రాయలేదు, మాతో వచ్చిన సహోదరుడొకరు తరువాత చెప్పగా తెలిసింది. ఆ మూడు రాత్రులూ మేము పడుకున్నది ఆ కాపరి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచం మీద. ఆయనా, ఆయన భార్యా వంటింటి నేల మీద పడుకున్నారు.

ఆ సవరణను మేము ఆనాడు ప్రచురించలేదు. చందాదారులు ఏమనుకుంటారో, కానుకలు పంపినవారు ఏమంటారో అని ఆగిపోయాం. ఈ రోజు ప్రచురిస్తున్నాం. ఆ సంఖ్య సరైనది కాదు. ఆ బిడ్డ అనాథ కాదు. ఆ పల్లెలో సువార్త మాతో మొదలుకాలేదు. మేము వెళ్లకముందే ప్రభువు అక్కడ ఉన్నాడు, ఆయన సేవకుడూ అక్కడ ఉన్నాడు.

ఒక ద్వీపం నేర్పే పాఠం

2018 నవంబరులో జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ల అమెరికా యువకుడు అండమాన్ దీవుల్లోని నార్త్ సెంటినెల్ ద్వీపంలో ప్రాణాలు కోల్పోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బయటి ప్రపంచంతో సంబంధాన్ని కోరుకోని ఒక చిన్న తెగ అక్కడ నివసిస్తోంది. వారి దగ్గరకు ఎవరూ వెళ్లకూడదని ఆదివాసీల రక్షణ కోసం 1956లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అయినా ఆ యువకుడు మత్స్యకారులకు డబ్బిచ్చి పడవలో రహస్యంగా వెళ్లాడు. బాణాలు తగిలే ప్రమాదం ఉందని తెలిసీ మళ్లీ వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఆనాడు క్రైస్తవ లోకం రెండుగా చీలి మాట్లాడింది. కొందరు హతసాక్షి అన్నారు. కొందరు మూర్ఖత్వం అన్నారు. ఆ యువకుని హృదయాన్ని తీర్పు తీర్చే అధికారం మాకు లేదు. ఏళ్ల తరబడి అతడు సిద్ధపడ్డాడు. తనకు ఏమైనా జరిగితే ఆ ప్రజల మీద కోపగించుకోవద్దని ఇంటివారికి రాసి వెళ్లాడు. ప్రభువు మీద అతని ప్రేమ నిజమైనది కాదని అనడానికి మేమెవరం?

కానీ హృదయం వేరు, మార్గం వేరు. మార్గాన్ని పరీక్షించే బాధ్యత సంఘానికి ఉంది. తరతరాలుగా ఒంటరిగా ఉన్న ఆ తెగకు మన జలుబు, మన తట్టు కూడా ప్రాణాంతకం కావచ్చు. వారి శరీరాలకు వాటిని తట్టుకునే శక్తి ఉండకపోవచ్చు. ఒక మనిషి తన ప్రాణాన్ని అర్పించుకోవచ్చు, కానీ ఎదుటివారి ప్రాణాన్ని వారి అనుమతి లేకుండా బలిపీఠం మీద పెట్టడానికి అతనికి హక్కు ఎక్కడిది? అతన్ని తీసుకెళ్లిన మత్స్యకారులు అరెస్టయ్యారు. వారి ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఆ చర్చల్లో ఎవరూ అడగలేదు.

2025 మార్చిలో మరో అమెరికా యువకుడు అదే ద్వీపం ఒడ్డున దిగి, ఒక కోలా డబ్బా, ఒక కొబ్బరికాయ వదిలి వచ్చి అరెస్టయ్యాడు. అతడు మిషనరీ కాడు, సాహసం కోసం వెళ్లినవాడు. అయినా వార్తలు రాసినవారు మొదటి యువకుణ్ణి కూడా గుర్తుచేశారు. ఇది మనల్ని ఆలోచింపజేయాలి. సాహస యాత్రికునికీ సువార్తికునికీ తేడా లోకానికి కనబడడం లేదంటే, తప్పంతా లోకానిదేనా?

మూసిన తలుపు కూడా జవాబే

ఇక్కడ కొందరు సహోదరులు న్యాయమైన ప్రశ్న వేస్తారు. అపొస్తలులు కూడా అధికారుల ఆజ్ఞను కాదన్నారు కదా, ఇన్ని జాగ్రత్తలు చెబితే యవనస్థుల్లో మండుతున్న ఆసక్తి చల్లారిపోదా అని. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం మాకూ ప్రియమైనదే. కానీ ఒక తేడా గమనించండి. పేతురూ యోహానూ తమ సొంత ప్రజల మధ్య, పట్టపగలు, దేవాలయంలో నిలబడి మాట్లాడారు. దెబ్బలు తమ వీపు మీద పడ్డాయి. తమ విధేయతకు వెల వారే చెల్లించారు, పక్కవాడి చేత చెల్లించలేదు.

అదే గ్రంథం 16వ అధ్యాయానికి రండి. పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు. పరిశుద్ధాత్మ ఆపాడు. బితూనియకు వెళ్లబోయాడు. అక్కడా అడ్డు పడింది. ఆ రోజుల్లో పౌలు కంటే ఆసక్తి గలవాడెవడు? అయినా అతడు దొడ్డిదారి వెతకలేదు. త్రోయకు దిగి, ఆగాడు. ఆ రాత్రి మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడి, వచ్చి సహాయం చేయమని పిలిచాడు. వెళ్లాలనుకున్న చోటుకు వెళ్లకపోవడం కూడా సమర్పణే. గెత్సేమనేలో మన ప్రభువు తన ఇష్టాన్ని తండ్రి ఇష్టం కింద పెట్టాడు. మనమైతే చాలాసార్లు మన ఇష్టాన్ని ముందు ఖాయం చేసుకుని, తరువాత దానికి 'దేవుని పిలుపు' అని పేరు పెడుతున్నాం.

ఎవరైనా కాదంటే మనకు కోపం వస్తే అది పిలుపో పట్టుదలో మరోసారి మోకరించి అడగాలి. వీసా రాకపోవడం, వైద్యుడు వద్దనడం, పంపే సంఘపు పెద్దలు ఇంకా ఆగమనడం, అక్కడి సంఘం ఇప్పుడు వద్దనడం: వీటన్నిటినీ సాతాను ఆటంకాలుగా లెక్కించే అలవాటు మనకుంది. కొన్ని ఆటంకాలే కావచ్చు. కొన్ని మాత్రం ప్రభువు చేయి.

యాభై ఏళ్ల నెమ్మది

వార్తల్లో ఎక్కువ కాలం నిలవని మరో జీవితాన్ని చూద్దాం. ఆస్ట్రేలియాకు చెందిన శస్త్రవైద్యుడు డాక్టర్ కెన్ ఇలియట్, ఆయన భార్య జోసెలిన్ 1972లో పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లారు. ఇప్పుడు బుర్కినా ఫాసో అని పిలిచే ఆ దేశపు ఉత్తర భాగంలో, ఎడారి అంచున ఉన్న జీబో పట్టణంలో ఆసుపత్రి పెట్టారు. నలభై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు. అది ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతం. హెర్నియాలు కోశారు, కాన్పులు చూశారు, గాయాలు కుట్టారు. ఊరి భాష మాట్లాడారు, ఊరి ఎండలో ముసలివారయ్యారు.

2016 జనవరిలో అల్ ఖైదాతో సంబంధమున్న ముఠా ఆ వృద్ధ దంపతులిద్దరినీ ఎత్తుకెళ్లింది. మూడు వారాల తరువాత జోసెలిన్ గారిని విడిచిపెట్టారు. డాక్టర్ గారిని మాత్రం ఏడేళ్లకు పైగా బంధించి ఉంచారు. 2023 మేలో ఆయన విడుదలై ఇల్లు చేరేనాటికి ఆయన వయసు 88 ఏళ్లు.

ఈ కథలో మమ్మల్ని కదిలించింది బంధకం ఒక్కటే కాదు. ఆయనను ఎత్తుకెళ్లారని తెలియగానే జీబో ప్రజలు తమ డాక్టరును తమకు ఇవ్వమని వీధుల్లోకి వచ్చి అడిగారు. ఎవరి కోసం? తమ మతం కాని, తమ రంగు కాని, తమ దేశం కాని ఒక ముసలాయన కోసం. ఇటువంటి ప్రేమను ఏ ఫ్లెక్సీ సంపాదించగలదు? పదిరోజుల కూటాలతో అది రాదు. దశాబ్దాల పాటు ఒకే చోట, ఒకే పనిలో, పేరు కోరకుండా నిలిచి ఉంటేనే వస్తుంది. దీనత్వమంటే మెల్లగా మాట్లాడడం, చేతులు కట్టుకుని నిలబడడం అని మనం అనుకుంటాం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు చూపించే దీనత్వం అది కాదు. అక్కడ ప్రభువు తనకున్నదాన్ని విడిచి, దాసుని స్థానంలోకి దిగి, చివరివరకూ అక్కడే ఉన్నాడు.

మన దగ్గరకు వచ్చినవారు చూపిన దారి

మనం పుచ్చుకున్నవారం గనుక పుచ్చుకునేవారి మనసు మనకు తెలియాలి. ఒంగోలు చరిత్ర మన పెద్దలు చెప్పగా విన్నదే. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ కాలంలో బాప్తిస్మం ఇవ్వమని వందలమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది తేలాలని, కరువు సాయం సాగినన్నాళ్లూ ఆగారు. సంఖ్యలు పెంచుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఏ మిషనరీకి దొరుకుతుంది? ఆయన దాన్ని వదులుకున్నారు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిన మరో సంగతి ఉంది. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మాలు ఇచ్చింది క్లౌ గారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. లోకమంతా మాట్లాడుకోబోయే రోజున దొరగారు ఒడ్డున ఉన్నారు, మన తాతలు నీళ్లలో ఉన్నారు. ఈ రోజు మనం ఏ దేశానికి వెళ్లినా ఒడ్డున ఉండగలుగుతున్నామా?

దోర్నకల్ మరో పాఠం చెబుతుంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు తమవారిని పంపారు. దాన్ని స్థాపించినవారిలో ముఖ్యుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ముప్పై దాటిన వయసులో తానే ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ధైర్యంగా ఒక మాట అడిగారు. మీ త్యాగాలకు కృతజ్ఞులమే గానీ మాకు మీ స్నేహం కూడా కావాలన్నది దాని సారాంశం. మిషనరీలు ప్రాణాలిచ్చారు, ఆస్తులిచ్చారు, కానీ తమతో సమానంగా కూర్చోబెట్టుకోవడానికి చాలామంది వెనకాడారు. ఆ సభలో ఉన్నవారికి కొందరికి ఆ మాట నచ్చలేదు. నూటపదిహేనేళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు. ఈ సారి వినవలసింది మనం. మనం వెళ్లిన చోట నల్లజాతి కాపరి, నేపాలీ కాపరి అదే మాట మనల్ని అడుగుతున్నాడేమో.

డబ్బు ఆగిన రోజున

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఒక్కసారిగా నిలిపివేసింది. జూలై 1 నాటికి యూఎస్ఎయిడ్ సంస్థ తన పనిని ముగించుకుంది. ఆఫ్రికాలో ఆ నిధుల మీద నడిచే ఆరోగ్య కార్యక్రమాలు ఎన్నో దెబ్బతిన్నాయి. క్రైస్తవ ఆసుపత్రులూ క్లినిక్‌లూ అందులో ఉన్నాయి. మన దేశంలో 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణలతో, ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధులను మరో సంస్థకు పంచే వీలు పోయింది. కార్యాలయ ఖర్చుల పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల చేయి పట్టుకుని నడిచిన చిన్న పరిచర్యలు ఎంత ఇబ్బంది పడ్డాయో మనకు తెలుసు.

ఈ నిర్ణయాలలోని రాజకీయ మంచిచెడ్డలు వేరే చర్చ. రోగి చేతిలోని మందు ఆగిపోవడం మాత్రం ఎవరికీ సంతోషం కాదు. సంఘంగా మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, పరదేశి మీద, పరదేశి పర్సు మీద నిలబెట్టిన పని ఆ పర్సు మూసిన రోజున కూలుతుంది. పౌలు లుస్త్రలో, ఈకొనియలో, అంతియొకయలో పెద్దలను ఏర్పరచి, వారిని ప్రభువుకు అప్పగించి ముందుకు సాగాడు. అప్పగించడం అన్నది మన పరిచర్యను దేవునికి అప్పగించడం మాత్రమే కాదు, అక్కడి సహోదరులకు అప్పగించడం కూడా. తాళాలు, లెక్కల పుస్తకం, ప్రసంగ వేదిక వారి చేతిలో పెట్టి పక్కకు జరగడం. బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులు యేసు వెంట వెళ్తుంటే బాధపడలేదు. తాను తగ్గడంలోనే తన సంతోషం సంపూర్ణమైందన్నాడు.

పంపే సంఘాలకు మా మనవి

ప్రియులారా, యవనస్థుల ఆసక్తిని ఆర్పమని మేము అనడం లేదు. ఇంకా ఎక్కువమంది వెళ్లాలి. కానీ పంపే ముందు మన కమిటీలు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ సహోదరుణ్ణి అక్కడి సంఘం పిలిచిందా, లేక మనమే పంపుతున్నామా? ఇక్కడ తన ఊళ్లో, తన కింద పనిచేసేవారితో అతని ప్రవర్తన ఎలా ఉంది? చర్చి ఊడ్చమంటే ఊడుస్తాడా? వెళ్లిన చోటి భాషలో కనీసం పలకరింపులైనా నేర్చుకున్నాడా? అక్కడి కాపరి తప్పు చూపిస్తే విని దిద్దుకుంటాడా? విమాన ఖర్చుకు అయ్యే డబ్బుతో అక్కడి బోధకునికి ఏడాది జీతం వస్తుందేమో లెక్క చూశామా? కొన్నిసార్లు మనిషిని పంపడం సరైనది. కొన్నిసార్లు ఆ డబ్బును పేరు లేకుండా పంపడమే సరైనది.

వెళ్లేవారికి ఒక మాట. మొదటి వారం ప్రసంగం చేయకండి. వారి వాక్యం వినండి. వారి పెట్టినది తినండి. మంచం ఇస్తే ఆ మంచం ఎవరిదో అడగండి. ఫొటో తీసే ముందు, ఇదే విధంగా ఎవరైనా మన బిడ్డను తీసి పరాయి దేశంలో చూపిస్తే మనకెలా ఉంటుందో ఆలోచించండి.

ఈ పత్రిక విషయానికి వస్తే, ఇకపై రెండు నియమాలు పాటించాలని నిర్ణయించుకున్నాం. పరదేశ పరిచర్య నివేదిక ఏదైనా సరే, అక్కడి సంఘ కాపరి చదివి ఒప్పుకున్న తరువాతనే ప్రచురిస్తాం. తల్లిదండ్రుల అనుమతి లేని ఏ బిడ్డ ఫొటోనూ వేయం. దీనివల్ల నివేదికలు తగ్గవచ్చు, సంఖ్యలు చిన్నవి కావచ్చు. తగ్గనివ్వండి.

ఈ సంపాదకీయాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఆ ఆఫ్రికా కాపరికి పంపుతున్నాం, ఆలస్యమైన క్షమాపణతో పాటు. ఆయన మమ్మల్ని ఎప్పుడో క్షమించి ఉంటారని మాకు తెలుసు, అయినా అడగడం మా ధర్మం. వచ్చే ఆదివారం ఆరాధనలో మీరు మిషనరీల కోసం ప్రార్థించేటప్పుడు, వెళ్లినవారి పేర్లతో పాటు, వారు వెళ్లకముందే అక్కడ ఉండి, వారు వచ్చేశాక కూడా అక్కడే ఉండే కాపరుల కోసం ప్రార్థించండి. వారి పేర్లు తెలియకపోతే, వెళ్లివచ్చినవారిని అడిగి తెలుసుకోండి. వెళ్లివచ్చినవారికి ఆ పేర్లు గుర్తు లేకపోతే, మన ప్రార్థన అక్కడి నుండే మొదలుపెట్టాలి.

ప్రభువు మనకు తగ్గే కృపను అనుగ్రహించును గాక. ఆమేన్.